మూడు హప్తాల కేసు

ఆ కేసు నేను గెలిచాను. కరీంనగర్ కోర్టు గేటు ముందర చాయ్ తాగేవాళ్లను ఎవరినైనా అడగండి, చెప్తారు. చెప్పలేదంటే నేను వాళ్లకింకా చెప్పలేదని అర్థం.

సరే, ‘నేను’ అన్నచోట ‘మా వకీలు సాబ్’ అని దిద్దుకోండి. నేను ఆయన దగ్గర గుమస్తాను. ఫైళ్లు కుట్టడం, స్టాంపులు తేవడం, వాయిదా తారీఖులు కక్షిదారులకు చేరవేయడం నా పని. ఇంకో పని కూడా ఉండేది, దానికి జీతం లేదు: ధైర్యం చెప్పడం. కాగితాలు చదివి మా సాబ్ లోపలి గదిలో ‘కష్టం’ అంటే, బయట నా బల్ల దగ్గర అది ‘జర కష్టం’ అయ్యేది. కక్షిదారు మెట్లు దిగి చెప్పులు తొడుక్కునేసరికి ‘గెలిచినట్టే’ అయ్యేది.

కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గర కూర్చుంటారు. మొన్న వాళ్లలో ఒకతను అడిగాడు.

“తాతా, అప్పు కాయితం మీద సంతకమైనంక కంపెనోళ్లు సన్నక్షరాలు మారిస్తే చెల్లుతదా?”

“చెల్లది.”

“గంతేనా?”

“చట్టం గంతే. కథ ఉన్నది, కూసో.”

అతనికి పిలుపు వచ్చింది, కోటు దులుపుకుని వెళ్లిపోయాడు. అందుకని రాస్తున్నాను.

ఆమెది ఖానాపూర్, చర్చి పక్క వాడకట్టు. భార్యాభర్తలిద్దరూ గిర్ని నడిపేవాళ్లు. గిర్ని అంటే పిండి, కారం, పసుపు పట్టే మిషను. మిషనును, అది ఉన్న కొట్టును, దాని మీద నడిచే బతుకును కలిపి మా దిక్కు గిర్ని అనే అంటాం. కరీంనగర్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పిస్తే మిషను పెట్టుకున్నారు. నెలనెలా తప్పకుండా కట్టారు. ఒక పొద్దున భర్తకు పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. ఆమె అతన్ని నిర్మల్ ఆస్పత్రిలో చేర్చి అక్కడే ఉండిపోయింది. ఆ నెల కట్టలేకపోయింది. మూడు వారాలు దాటాయో లేదో, కంపెనీ మనుషులు వ్యాను వేసుకుని వచ్చారు.

“తొట్టిల మిరుపకాయలున్నయి సారూ,” అని చెప్పింది ఆమె, మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు. “ఒక ముసలవ్వ అప్పుడే పోసింది. గవిటితోటే మిషను లేపిండ్రు. నల్గురు మన్షులు, తుమ్ముకుంట తుమ్ముకుంట వ్యానెక్కించిండ్రు. గా అవ్వ ఎన్క ఉర్కింది, ‘నా కారం, ఓ కొడుకో నా కారం’ అనుకుంట.”

చెప్తూ చెప్తూ తనే నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, “గిసొంటి కేసులు మేము కండ్లు మూసుకోని గెలుస్తమమ్మా” అన్నాను. మా సాబ్ కాగితాలు ఇంకా విప్పనేలేదు.

విప్పాక తెలిసింది. ఒప్పందం కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, తెలుగులోనే ఒక షరతు ఉంది: వరుసగా మూడు హప్తాలు చెల్లించని యెడల యంత్రమును స్వాధీనపరచుకొను హక్కు కంపెనీకి కలదు. ఆమె తప్పింది ఒక్క హప్తా. మరి ఎలా తీసుకుపోయారు? నోటీసు పంపితే కంపెనీ జవాబిచ్చింది. ఆ షరతును తర్వాత సవరించామని, ‘హప్తా’ అన్నచోట ‘వారం’ అని చదువుకోవాలని, ఆ సంగతి కక్షిదారు ఫోనుకు మెసేజు పంపామని. అది సవరణ కూడా కాదట, వివరణ అట. ఎందుకంటే హఫ్తా అంటే వారమే కదా!

మా సాబ్ ఆ జవాబు చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదివిన మనిషి. పొలాలున్న ఇంట్లో పుట్టి, పొలం మీద కన్నా మాటల మీద మమకారం పెంచుకున్నవాడు.

“ఏమయ్యా గుమస్తా, హప్తా అంటే ఏంది?”

“కిస్తు గదా సార్. నెలనెలా కట్టేది.”

“మీ మామ ఏమంటడు?”

మా మామ పాతకాలపు మున్షీ, ఉర్దూలో దస్తావేజులు రాసినవాడు. “వారం అంటడు సార్.”

“చూసినవా! ఉర్దూల వారం. మరాఠీల కిస్తు. మన కరీంనగర్ల రెండూ నడుస్తయి. ఖానాపూర్ దిక్కు మరాఠీ గాలి, అక్కడ కిస్తు ఒక్కటే. ఒక్క మాట, రెండు మొఖాలు. కంపెనోడు మధ్యల జొర్రిండు, దొంగ నా కొడుకు!” అని బల్ల మీద చరిచాడు. కోపంతో అనుకున్నాను. కాదు, సంతోషంతో.

అప్పట్నుంచి మా ఆఫీసులో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. ఉర్దూ పంతులు దగ్గరికి నన్ను పంపాడు. ఆసిఫాబాద్‌లో ఒక మరాఠీ మాస్టారు ఉన్నాడంటే అక్కడికీ పంపాడు. ఆయన నాకు జొన్నరొట్టె పెట్టి, మరాఠీలో వారాన్ని ‘ఆఠవడా’ అంటారని, హప్తా అంటే వాయిదా సొమ్మేనని రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నేను జేబులో పెట్టుకుని, బస్సులో మాటిమాటికీ తడిమి చూసుకుంటూ వచ్చాను. పంట ఇంటికి తెచ్చినంత సంబరం. చాయ్ బండి దగ్గర వకీళ్లు రెండు జట్లయ్యారు, కొందరు వారం, కొందరు కిస్తు. పందేలు కూడా కాశారు. నేను రెండు పక్కలా కాశాను.

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి. వినియోగదారుల కోర్టులో కేసు వేసిన రోజే ఒక చిన్న దరఖాస్తు కూడా వేయాలి: ‘తీర్పు వచ్చేదాకా మిషను అమ్మకుండా ఆపండి’ అని. ఒక పేజీ. మేం వేయలేదు. మాట వెనక పడ్డాం. ఈ కథ ఎక్కడ చెప్పినా, ‘నేను సాబ్‌కు రెండుసార్లు గుర్తుచేశాను, ఆయనే వినలేదు’ అని చెప్తూ వచ్చాను. నేను గుర్తుచేయలేదు. ఆ రోజు నేను మరాఠీ మాస్టారి కాగితానికి అట్ట వేయిస్తున్నాను.

మాకు గుర్తొచ్చేసరికి కంపెనీ మిషనును వేలం వేసేసింది. సాబ్ అది విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “అయ్యో” అన్నాడు. ముప్పై ఏళ్లు ఆయన దగ్గర చేశాను, ఆయన నోట ఆ మాట అంత మెల్లగా ఎప్పుడూ వినలేదు. ఆమెకు చెప్పే పని నాకే పడింది.

“అమ్మినా ఏం గాదమ్మా, గెలిస్తే వాళ్లే తెచ్చియ్యాలె” అన్నాను.

“గెలుస్తమా సారూ?”

“గెలిచినట్టే.”

ప్రతి వాయిదాకూ ఆమె ఖానాపూర్ నుంచి బస్సెక్కి వచ్చేది. భర్తకు పక్కింటివాళ్లు అన్నం పెట్టేవాళ్లు. ఒకసారి మా సాబ్ ఈ కేసు గురించి కొండగట్టుకు మొక్కుకుని వచ్చి, ఆమె చేతిలో ప్రసాదం పెట్టబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

“మేము చర్చికి పోయేటోళ్లం సారూ.”

“తీస్కోవమ్మా. హనుమంతుడు గూడ ఒకళ్ల తరపున రాయబారం పోయిండు, మా వకీలు జాతే.”

ఆమె నవ్వి, అందుకుని, కొంగుకు కట్టుకుంది. తిన్నదో లేదో తెలియదు. మర్నాడు ఆదివారమని, చర్చిలో మా సాబ్ మోకాళ్ల నొప్పులకు ప్రార్థన చేయిస్తానని మాత్రం చెప్పి పోయింది.

ఇక ఆ రోజు. కంపెనీ తరఫున సాక్షిగా వాళ్ల వసూళ్ల మనిషిని నిలబెట్టారు. మీసాలు మెలితిప్పిన మనిషి, కంపెనీ బనియను మీద చొక్కా. కంపెనీ వకీలు లావుపాటి ఉర్దూ నిఘంటువు తెచ్చి, గుర్తు పెట్టిన పేజీ తెరిచి సిద్ధంగా ఉన్నాడు. మా దగ్గర అట్ట వేసిన కాగితం ఉంది. మా సాబ్ దాన్ని ముట్టుకోలేదు. సాక్షి ముందుకు వెళ్లి, బజార్లో పలకరించినట్టు అడిగాడు.

“ఏం పని జేస్తవు తమ్మీ?”

“కలెక్షన్ సార్.”

“ఏం కలెక్షన్?”

“హప్తాలు సార్.”

“గిరాకీ తలుపు కొట్టి ఏమంటవు?”

“‘హప్తా తే’ అంట సార్.”

“ఎన్నొద్దులకోసారి కొడ్తవు తలుపు?”

“నెలకోసారి సార్.”

వెనక బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అతనికి అప్పుడు అర్థమైంది, తమ వకీలు వైపు చూశాడు.

“ఆయనను జూడకు, నన్ను జూడు. మూడు హప్తాలంటే నీ లెక్కల ఎన్ని నెలలు?”

“సార్... నాకు ఇంగ్లీషు రాదు సార్.”

“నేనడిగేది తెలుగే.”

“తెలుగు గూడ జర తక్వనే సార్.”

హాలంతా నవ్వింది. తీర్పు చెప్పే బెంచి మీది పెద్దమనిషి కూడా తల వంచుకుని ఏదో రాసుకున్నాడు. కంపెనీ వకీలు వణికే చేతులతో నిఘంటువు మూశాడని నేను ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను. చేతులేమీ వణకలేదు. మామూలుగానే మూశాడు. బయటికొచ్చాక నాకే చాయ్ ఇప్పించి, “మా కంపెనీకి ఫికర్ లేదు చాచా, పైన సూస్కుంటరు” అన్నాడు. నేను దాన్ని ఓడినవాడి మాట అనుకున్నాను. ఆ తర్వాత జరిగినదాంట్లో నిజమైన మాట అదొక్కటే.

తర్వాత మెసేజు సంగతి వచ్చింది. షరతులు ఎప్పుడైనా మార్చుకునే హక్కు కంపెనీకి ఉందని, మార్చి తెలియజేశామని వాళ్ల వాదన. ఏ ఫోనుకు పంపారో చూపించమన్నారు బెంచి మీదివాళ్లు. ఆమె నడుము సంచిలోంచి మీటలు అరిగిన చిన్న ఫోను తీసింది. మెసేజు ఉంది, ఇంగ్లీషులో. దాని చివర, ఫలానా చోట నొక్కితే కొత్త షరతులు తెరుచుకుంటాయని ఉంది.

“నొక్కినవా అమ్మా?”

“దీంట్ల ఏడ ఒత్తినా మాటొక్కటే వస్తది సారూ. ఎవ్వరన్నా జేస్తే మాట్లాడుత.”

తీర్పు మా వైపే వచ్చింది. మార్పు అయితే ఆమె ఒప్పుకోలేదు, వివరణ అయితే అది తప్పు. ఎటు చూసినా మారిన షరతు ఆమెను కట్టదు. మిషను తెచ్చివ్వాలి, లేదా దాని విలువ కట్టివ్వాలి. పిల్లలూ, మీరడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. పరీక్షలో వస్తే ఇదే రాయండి, మార్కులు పడతాయి.

ఆ తర్వాత ఏమైందో కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చివర చెప్పాల్సింది వేరే ఉంది. కంపెనీ హైదరాబాద్‌లో అప్పీలు వేసి, తీర్పు అమలు కాకుండా ఆపుకుంది. అప్పీల్లో మా తరఫున ఎవరూ నిలబడలేదు. అడిగేవాడు లేని చోట ఎంత మంచి తీర్పైనా నిలవదు, ఇదీ నిలవలేదు. ఇప్పుడు ఆ కంపెనీ కాగితాల్లో ‘హప్తా’ అన్న మాటే లేదట, నేరుగా ‘వారం’ అనే అచ్చేస్తున్నారట. ఒక్క మాటకు ఉన్న రెండు మొఖాల్లో ఒకటి చెరిగిపోయింది. దాని కోసం ఆసిఫాబాద్ దాకా పోయి రొట్టె తినొచ్చినవాణ్ణి నేను.

ఎందుకు నిలబడలేదంటే, ఇదీ సంగతి. అప్పీలు నోటీసు రాగానే సాబ్ నన్ను ఖానాపూర్ పంపాడు, తీర్పు నకలు ఇచ్చి రమ్మని, హైదరాబాద్ వకీలుకు వకాల్తా మీద ఆమె సంతకం తెమ్మని. బస్సు దిగి అడిగితే, బజార్లో కొత్తగా పెట్టిన గిర్నిలో కూలికి చేస్తోందన్నారు. వెళ్లాను. కారం ఘాటుకు కళ్లు మండుతున్నాయి. తలకు గుడ్డ కట్టుకుని, తొట్టిలో మిరపకాయలు పోస్తోంది. కనుబొమ్మల దాకా ఎర్రటి పొడి. నన్ను చూసి చేయి ఊపి, మిషను ఆపకుండా పక్కకు వచ్చింది.

నేను నకలు తీసి, ఆ చప్పుడులో గొంతు పెంచి చదివాను. “‘మార్చిన షరతు ఫిర్యాదుదారును కట్టదు’ అన్నరమ్మా! మిషను తెచ్చియ్యాలె!”

“మెల్లగ సారూ, సేఠ్ ఇంటడు” అని నా మోచేయి పట్టుకుంది. “గిదే.”

“ఏంది గిదే?”

“నా మిషను గిదే. సేఠ్ వేలంల కొన్నడు. నేనిటు దిక్కు పోతుంటే సప్పుడు ఇనబడ్డది. దీని బెల్టు ఎప్పుడూ ఒక్క దిక్కు గుంజుతది, గా సప్పుడు నాకెర్క. లోపటికొచ్చి పని అడిగిన. దీని సంగతి తెల్సినోళ్లు ఇంకెవ్వరున్నరని సేఠ్ పెట్టుకున్నడు.”

నేను మిషను వైపు చూశాను. దాని పక్కకు కొత్త రంగు వేశారు. రంగు కింద పాత పేరు ఉబ్బెత్తుగా తెలుస్తోంది.

“మరింకేమమ్మా! తీర్పున్నది. హైదరాబాదుల గూడ గెలుస్తం. ఈడ సంతకం పెట్టు.”

“పెట్ట సారూ.”

“ఎందుకు?”

“కంపెనోళ్లు సేఠ్‌కు జెప్పిండ్రు, కేసు నడిస్తే మిషను వాపస్ పోవచ్చని. సేఠ్ అన్నడు, ‘నాకు పరేషానైతే నీకు పని లేదు’ అని. ఆయన తప్పేమున్నది? పైసలు పెట్టి కొన్నడు. హైదరాబాదుల తేలేసరికి ఎన్నేండ్లో. గందాక మా ఆయన మందులు ఎట్ల?” చేతి పొడి దులుపుకుని అడిగింది. “ఒక్కటి జెప్పు సారూ. నేను ఇడిసిపెడితే, గా మూడు వారాల మాట నిజమైతదా?”

చాయ్ బండి దగ్గర ఈ కథలో ఇక్కడ నేను గర్జిస్తాను. ‘కాదమ్మా, అబద్ధం ఎన్నటికీ అబద్ధమే అని చెప్పాను, ఆమె కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది’ అంటాను. అలా అనలేదు. “నిజమైతదమ్మా” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మిషను చప్పుడులో. ఆమెకు వినపడింది. తల ఊపింది.

“అయితే గానియ్యి. కని మా ఆయనకు జెప్పకు. గెల్సినమని నేను ముందే జెప్పిన. నువ్వు జెప్తే ఇంక నమ్ముతడు. జర ఇంటిదాక రా సారూ, నీ పుణ్యముంటది.”

వెళ్లాం. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడిపోయిన చేతిని మంచి చేత్తో తెచ్చి దండం పెట్టాడు. ఆమె స్టవ్ దగ్గరికి వెళ్లి చాయ్ పెట్టింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. మీసాల మనిషిని చెప్పాను, తెలుగు కూడా తక్కువే అన్నది చెప్పాను, నిఘంటువు మూత చెప్పాను, వణికిన చేతులు చెప్పాను. ఆయన నవ్వితే నోరు ఒక పక్కకే పోయేది. రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాడు.

“గంటే కంపెనోడు ఓడిపోయిండు.”

“ఓడిపోయిండు.”

“నేనన్లే? మనం సంతకం పెట్టిందాంట్ల గట్ల లేనే లేదని!” అని భార్య వైపు తిరిగాడు. “ఏమే, ఇన్నవా?”

“ఇన్న” అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

“ఇగ మిషను తెచ్చుకుందాం. బెల్టు నేనే సరిజేస్త, ఒక్క చెయ్యి చాలు దానికి. ఏడ పెట్టిండ్రు సారూ దాన్ని?”

నేను ఆమె వైపు చూశాను. చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడింది. కనుబొమ్మల మీద ఎర్రటి పొడి ఇంకా అలాగే ఉంది. ఆయన దాన్నే చూస్తున్నాడో, ఆమెనే చూస్తున్నాడో నాకు తెలియలేదు.

“శానా దూరమున్నదట” అంది ఆమె, ముందుగా ఆయనకు గ్లాసు అందిస్తూ.

“ఎంత దూరం సారూ?” అని ఆయన నన్నడిగాడు.